అటు తిరిగి కూర్చున్న మనిషి

మా ముత్తాత తిమ్మప్ప నాయుడు తమిళనాట ధర్మపురి దగ్గరి మహేంద్రమంగళానికీ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకూ మణియం, అంటే మునసబు. ఊరి శిస్తు ఆయన చేతిమీదే వసూలయ్యేది, చెరువు నీళ్ళు ఆయన చెప్పిన వరసలోనే పారేవి. ఆయన తర్వాత మా తాత వెంకటరామ నాయుడు, తాత తర్వాత మా నాన్న కృష్ణస్వామి నాయుడు ఆ పని చేశారు. సర్కారు మణియం ఉద్యోగాలు ఎత్తేసేనాటికి మా నాన్న నలభై ఏళ్ళవాడు. అంతవరకు ఆయన తాలూకా కచ్చేరికి పోతే కుర్చీ వేసేవాళ్ళు. తర్వాత ఒకసారి పోతే నిలబెట్టారు. ఆయన మళ్ళీ అక్కడ అడుగు పెట్టలేదు.

మా ఇంట్లో చిన్నగది అని ఒకటి ఉండేది. అందులో ఒక పట్టెమంచం, ఒక కాగితాల పెట్టె. ఇంటి పెద్ద ఆ గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. ఆయన నిద్రపోతుండగా భార్య తప్ప ఎవరూ చూడకూడదు. నోరు తెరుచుకుని గురక పెట్టే మనిషిని చూసినవాడు పొద్దున ఆయన మాటకు విలువ ఇవ్వడని మా తాత అనేవాడు. ఆయన పడుకున్నంతసేపు ఇంటి మనిషి ఒకడు బయట, గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

పెట్టెలోని పాత కాగితాలు తెలుగులో ఉండేవి. ఇంట్లో మేమందరం మాట్లాడేది తెలుగే అయినా, ఆ అక్షరాలు నేర్పేది పెద్దకొడుకు ఒక్కడికే. మిగతా పిల్లలు బడిలో తమిళం చదువుకుంటే చాలు. ఇంటి గుట్టు ఒక్క తలలోనే ఉండాలని పెద్దల ఆలోచన. నాకు ఐదో ఏట మా తాత ఆ మంచం పక్కన ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు. నా తమ్ముడు గోవిందు గుమ్మం బయట నిలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు గర్వంగా ఉండింది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

ఆ గది అలవాట్లు రెండూ నాతోబాటు ఆసుపత్రికి వచ్చాయి. అక్కడ అవి నన్ను దాదాపు చంపినంత పని చేశాయి.

నాకు అరవై రెండేళ్ళు. ధర్మపురిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ముప్ఫై ఏళ్ళుగా పత్రాలు రాస్తున్నాను. పరాయివాళ్ళ పొలాలు చేతులు మారే పత్రాలు, అన్నీ తమిళంలో. మా పొలాలు నాన్న ఉన్నప్పుడే పోయాయి. మిగిలింది ఊళ్ళో తాళం వేసిన ఆ ఇల్లు. దాని మీద నాకూ గోవిందుకూ కోర్టులో దావా నడిచింది. పదకొండేళ్ళు మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అతనూ ధర్మపురిలోనే ఉంటాడు, బస్టాండు అవతల. బజారులో ఎదురైతే ఇద్దరం రోడ్డుకు చెరో పక్కకు పోయేవాళ్ళం.

ఐప్పసి నెల వానల్లో, దీపావళి రోజుల్లో, దగ్గు పట్టుకుంది. నాలుగు రోజులు జ్వరంతోనే పనికి పోయాను. ఐదో రోజు పత్రం రాస్తుండగా ఊపిరి అందలేదు. నా భార్య సరోజ ఆటో తెచ్చింది. ఆసుపత్రి ముందు స్ట్రెచరు తెస్తే వద్దన్నాను. మా వంశంలో మోయించుకుని గడప దాటినవాడు శవంగానే దాటాడు. నడిచే లోపలికి పోయాను. ఇది మొదటి తప్పు. పదడుగులు వేశాక గోడ నా మీదికి వచ్చినట్టయింది. ఆ తర్వాత ఐదు రోజులు నాకు తెలియవు. రెండు ఊపిరితిత్తులకూ నిమ్ము చేరిందనీ, నోట్లోంచి గొంతులోకి గొట్టం వేసి మిషనుకు తగిలించారనీ తర్వాత తెలిసింది. ఆసుపత్రి పేరు రాయను. వాళ్ళ వైపు ఏ లోపమూ లేదు.

ఆరో రోజు మత్తుమందు తగ్గించారు.

కళ్ళు తెరిస్తే నెత్తిమీద తెల్లటి దీపం. అది ఎప్పుడూ ఆరేది కాదు. పగలో రాత్రో తెలుసుకోవడానికి కిటికీ లేదు. మిషను నా బదులు ఊపిరి తీస్తోంది. నేను వదలాలనుకున్నప్పుడు అది లోపలికి తోస్తుంది. ఎదురు తిరిగితే కీచుమని అరుస్తుంది. చేతికి చుట్టిన పట్టీ తనంతట తాను బిగుసుకుని వదులుతుంది. ఎవరో వచ్చి వేలు పొడిచి పోతారు. ఇంకెవరో గొట్టంలోకి సన్న పైపు దించి కఫం లాగుతారు. అప్పుడు ప్రాణం కూడా ఆ పైపులోంచే పోతున్నట్టు ఉంటుంది. పక్క మంచాల మిషన్లు ఒకదానికొకటి జవాబు చెప్పుకున్నట్టు మోగుతాయి.

అందరూ నిద్రపొమ్మనేవాళ్ళే. సెల్వి అనే నర్సమ్మ, మా అమ్మాయి వయసుది, వచ్చినప్పుడల్లా "తూంగుంగప్పా, కొంచెం తూంగుంగ" అని తమిళంలో బుజ్జగించేది. తూంగడమంటే నిద్రపోవడమే. ఎలా పోను? నోరు తెరుచుకుని, చొంగ కారుతూ, ఒంటిమీద గుడ్డ సరిగా లేకుండా, దారిన పోయేవాళ్ళందరి ముందు వెల్లకిలా పడున్నాను. పైగా ఒక భయం. కన్ను మూత పడగానే ఊపిరి తీయడం మరిచిపోతాననీ, ఈ మిషను కూడా మరిచిపోతుందనీ. రెప్ప వాలేది, ఒళ్ళు ఉలిక్కిపడేది, మిషను అరిచేది, ఎవరో పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మత్తుమందు ఇచ్చినప్పుడు మునిగిపోయేవాణ్ణి, కానీ అది నిద్ర కాదు. అందులోంచి లేచేసరికి ఇంకా అలిసిపోయి ఉండేవాణ్ణి. పైకప్పు పలకలు సర్వే నెంబర్లు వేసిన పొలాల్లా కనిపించేవి. ఎవరో గొలుసు పట్టుకుని వాటిని కొలుస్తున్నారు. కొలత తప్పని అరవాలని ఉండేది. నోట్లో గొట్టం.

గొట్టాలు పీకేస్తానని చేతులు మంచానికి మెత్తటి గుడ్డతో కట్టారు. ఏడో రోజు సెల్వి నా కుడిచేతి కట్టు విప్పి, అట్టకు కాగితాలు గుచ్చి, పెన్ను చేతిలో పెట్టింది. ఏం కావాలో రాయమంది.

రాశాను. తెలుగులో.

ఎందుకని ఆ తర్వాత అందరూ అడిగారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ చెయ్యి తమిళం రాస్తోంది. ఆ మొదటి కాగితం మీద చెయ్యి తనంతట తానే చిన్నప్పటి అక్షరాలకు పోయిందని చెప్పగలను. రెండో కాగితానికి ఆ సాకు లేదు. నేను రాస్తున్నవి భయాలు. అవి ఒక చిన్నపిల్ల చదివి పక్కవాళ్ళకు చెప్పడం నాకు ఇష్టం లేదు. సరోజకు తెలుగు చదవడం రాదని నాకు తెలుసు. మా అమ్మాయి దివ్యకూ రాదు. నేర్పనిది నేనే. అయినా రాశాను. ఎవరికీ అందని చోట నా మాట దాచుకున్నానేమో. ఒకపక్క ఎవరైనా చదవాలని ఏడుస్తూ, ఇంకోపక్క ఎవరూ చదవలేని అక్షరాల్లో రాసే మనిషికి ఎవరు సాయం చేయగలరు?

సెల్వి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదు ఎన్నప్పా, కోలమా?" అని నవ్వింది. వాకిట్లో వేసే ముగ్గా అని. తప్పుగా అనలేదు, పిల్ల మనసు మంచిది. కానీ నేను పెన్ను విసిరేశాను.

డాక్టరు వచ్చి చూశాడు. మత్తు ఇంకా దిగలేదు, గీతలు గీస్తున్నాడు అన్నాడు. సరోజ తన పావుగంట కోసం లోపలికి వచ్చినప్పుడు ఆమెకు చూపించారు.

"గీతలు కావు సార్, అది తెలుగు" అంది ఆమె తమిళంలో.

"అయితే చదివి చెప్పండమ్మా."

సరోజ కాగితం అందుకుంది. ముప్ఫై అయిదేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి, నా చేతిరాతను ముగ్గును చూసినట్టే చూసింది. "నాకు రాదు సార్" అంది. తర్వాత నా వైపు వంగి, "ఇదో, తమిళంలో రాయండి. మీకు పున్నెం ఉంటాది" అంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ కాగితాన్ని ఆమె పారేయలేదు. మడిచి తన గుడ్డసంచిలో పెట్టుకుంది. మొత్తం ఏడు కాగితాలు అట్లాగే దాచింది.

ఎనిమిదో రోజు, పదో రోజు మిషను సాయం తగ్గించి చూశారు. నా అంతట నేను కొంతసేపు ఊపిరి తీయగలిగితే గొట్టం తీసేస్తారు. రెండుసార్లూ కాసేపటికే గుండె దడదడలాడి, చెమటలు పట్టి, మళ్ళీ మిషనుకు తగిలించారు. డాక్టరు సరోజకు, దివ్యకు చెప్పింది నేనూ విన్నాను. నిమ్ము తగ్గింది. కానీ నిద్ర లేక ఒంట్లో ఊపిరి తీసే శక్తి లేదు. సోమవారం ఇంకొకసారి చూస్తాం. కాకపోతే గొంతు కింద రంధ్రం చేసి గొట్టం అక్కడ పెట్టాలి, తర్వాత ఎన్నాళ్ళో చెప్పలేం.

అది శుక్రవారం. చుట్టూ పదిమంది తిరుగుతున్న ఆ గదిలో, బావిలో పడినవాడికి పైన మనుషుల కాళ్ళు కనిపించినట్టు, వాళ్ళందరూ కనిపిస్తున్నారు. కేక పెట్టడానికి గొంతు లేదు. చేతిలో ఉన్న ఒక్క తాడునూ నేనే లోపలికి లాక్కున్నాను.

బయట ఏం జరిగిందో తర్వాత తెలిసింది. బయట వరసగా ఇనుప కుర్చీలు. ఒక చివర సరోజ, దివ్య. ఇంకో చివర గోవిందు. అతను రెండో రోజు నుంచే వచ్చి కూర్చుంటున్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. పొద్దున వచ్చి, మధ్యలో ఇడ్లీ పొట్లం ఒకటి దివ్య పక్క కుర్చీలో పెట్టి, మాట్లాడకుండా తన చోటికి పోయేవాడట. మొదటి రోజు సరోజ ఆ పొట్లం ముట్టలేదు. రెండో రోజు తినేసింది. ఆకలికి దావాలు తెలియవు కదా అని ఆమే నాకు తర్వాత చెప్పింది.

అతను వచ్చిన సంగతి మాత్రం సరోజ అప్పుడే లోపల నా చెవిలో చెప్పింది. "గోవిందు వచ్చి కూర్చోనున్నాడు." అప్పుడు నేను రాసిన కాగితమే అయిదోది.

దివ్య హోసూరులో కంపెనీలో పని చేస్తుంది, చెట్టికరైలో ఇంజనీరింగు చదివింది. నా కాగితాలను ఫోనులో ఫొటో తీసి తమిళంలోకి మార్చమని అడిగింది. నా వణుకుడు రాతను ఫోను ఒకసారి 'పాలు' అంది, ఒకసారి 'పులి' అంది. శుక్రవారం సాయంత్రం దివ్య ఫోను పక్కన పెట్టేసింది.

"అమ్మా, చిన్నమ్మకు తెలుగు వచ్చు కదా. కుప్పంలో బడికి పోయింది."

చిన్నమ్మ అంటే గోవిందు భార్య పద్మావతి. ఆమెది కుప్పం వైపు, ఆంధ్రాలో చదువు. మా ఇంటి కోడళ్ళలో ఆ అక్షరాలు వచ్చిన మొదటి మనిషి. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో పెట్టెలో కాగితాలు చూస్తానంటే, ఇంటి ఆడవాళ్ళకు ఆ పని లేదని అన్నవాణ్ణి నేనే.

"మీ నాయనకు తెలిస్తే ఒప్పుకోడే" అంది సరోజ.

"నాయన ముందు బతకనీ. కోపం తర్వాత పడతాడు."

దివ్య లేచి ఆ వరస చివరికి నడిచింది. "చిన్నాయనా" అని పిలిచింది. పదకొండేళ్ళలో మా పక్కనుంచి అతనికి వినిపించిన మొదటి పిలుపు అది. అతను ఏమిటని అడగలేదు. ఫోను తీసి భార్యకు చెప్పాడు: "ఉన్నట్టే వచ్చేయి. కండ్లద్దాలు మర్చిపోవద్దు."

ఆ రాత్రి ఆమెను లోపలికి పంపలేదు. శనివారం పొద్దున పదకొండు గంటలకు పద్మావతి లోపలికి వచ్చింది. చీర మీద పచ్చటి కోటు, మూతికి గుడ్డ. నేను ఆమెను కళ్ళతోనే గుర్తుపట్టాను. చేతిలో సరోజ గుడ్డసంచి చూసి నాకు విషయం అర్థమైంది. ముఖం తిప్పుకోవాలంటే గొట్టం అడ్డం.

"బావా, నేను. పద్మను. మీరు రాసినవి చదవమని అక్క ఇచ్చింది. తప్పుంటే వేలు ఎత్తండి."

ఒక్కొక్క కాగితం ముందు నాకు తెలుగులో చదివి, తర్వాత సెల్వికి తమిళంలో చెప్పింది.

"దీపం కండ్లలో పడతా ఉంది, ఆర్పండి అని రాసినారు."

"తెర వెయ్యండి, నిద్రలో నన్ను ఎవరూ చూడకూడదు."

"పదే పదే లేపవద్దు."

"నిద్రపోతే ఊపిరి నిలిచిపోతుందని భయం." దీన్ని చదివేటప్పుడు ఆమె గొంతు తగ్గించింది. సెల్వికి మాత్రమే వినిపించేలా తమిళంలో చెప్పింది. సెల్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అయిదో కాగితం విప్పింది. దాన్ని చాలాసేపు చూసింది. కండ్లద్దాలు తీసి కోటుకు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఇది సరిగా లేదు బావా. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడినాయి. నాకు తెలియలేదు" అని, మడిచి అన్నిటికంటే కిందికి పెట్టింది.

ఆరో కాగితం మళ్ళీ దీపం గురించి. ఏడో దాంట్లో ఒక్క మాటే, 'అమ్మా' అని. దాన్ని చదివి సెల్వికి చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆ మాట అన్నిచోట్లా ఒకటే.

అయిదో కాగితంలో నేను రాసింది ఇది: 'గోవిందును, వాడి పెళ్ళాన్ని లోపలికి రానివ్వవద్దు.' ఏడింటిలో అన్నిటికంటే స్పష్టంగా రాసింది అదే. కోపం వచ్చినప్పుడు నా చెయ్యి వణకదు.

సెల్వి మారుమాట లేకుండా పని మొదలుపెట్టింది. నా మంచం మీది దీపం ఆర్పేసింది. తెర లాగింది. గాజుగుడ్డను నాలుగు మడతలు వేసి కళ్ళ మీద పెట్టింది, చెవుల్లో దూది పెట్టింది. రక్తం తీయడం, కఫం లాగడం, మందులు అన్నీ ఒకేసారి చేసేసి, ఇంక రెండు గంటలు ఎవరూ రారని పద్మావతితో నాకు చెప్పించింది. ఇన్ని రోజులూ ఇంత సులువా అనిపించింది. అడిగే వీలు దొరకాలంతే. నేను ఆ వీలును పాతరేసుకుని కూర్చున్నాను.

"నేను పోనా, ఉండనా? ఉండమంటే వేలు ఎత్తండి" అంది పద్మావతి.

నేను వేలు ఎత్తానో లేదో నాకే గుర్తు లేదు. ఎత్తానని ఆమె అంటుంది.

"భయం లేదు. నేను చూడను. అటు తిరిగి కూర్చుంటా. ఈ మిషను అరిస్తే నేను వింటా కదా."

స్టూలు నేల మీద గీసుకున్న చప్పుడు దూదిలోంచి కూడా వినిపించింది. కళ్ళ మీది గాజుగుడ్డ కిందినుంచి సన్నని సందు. అందులోంచి పచ్చకోటు వీపు, తెల్లబడిన జుట్టు ముడి కనిపించాయి. తెరకు ముఖం పెట్టి, నాకు వీపు పెట్టి కూర్చుంది. చిన్నగది గుమ్మంలో మా ఇంటి మనిషి కూర్చున్నట్టే. ఆ అలవాటు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె వచ్చేసరికి ఆ గుమ్మంలో కూర్చునేవాడే లేడు.

నిద్రపోయాను. కల లేదు, కొలతగొలుసు లేదు. లేచేసరికి వీపు అక్కడే ఉంది. పావుగంట మాత్రమే ఉండాల్సిన మనిషిని సెల్వి రెండున్నర గంటలు ఉండనిచ్చింది. ఆదివారం కూడా అట్లాగే. సోమవారం మిషను సాయం తగ్గించారు. ఊపిరి తీశాను. ఇంకొకటి తీశాను. మధ్యాహ్నానికి గొట్టం బయటికి వచ్చింది.

మూడు రోజులకు మామూలు వార్డుకు మార్చారు. గోవిందు తలుపు దగ్గరికి వచ్చి అక్కడే ఆగాడు. గుమ్మం దాటలేదు. అతనికి చిన్నప్పటి నుంచీ గుమ్మం బయట నిలబడడం అలవాటే.

"ఏమన్నా, దొరవారికి తలుపు ఏస్తేనే నిద్ర పడతాదంట కదా? ఆసుపత్రోళ్ళతో గది కట్టించమంటావా?" అన్నాడు.

గొట్టం తీసినా నాకు ఇంకా గొంతు పలకడం లేదు. చేత్తో మంచం పక్కన కుర్చీ చూపించాను. కూర్చున్నాడు.  తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పాడు.

ఇంటికి వచ్చాక కూడా నిద్ర సులభంగా రాలేదు. రెండు నెలలు, కునుకు పట్టగానే మిషను అరిచినట్టు లేచి కూర్చునేవాణ్ణి. అందరూ గండం గడిచిందని సంతోషంగా ఉన్న ఇంట్లో నేనొక్కణ్ణే ఇంకా ఆ తెల్లటి దీపం కింద ఉండేవాణ్ణి. అది ఎవరికీ చెప్పలేం. ఇది చదివేవాళ్ళలో అటువంటి రోజులు చూసినవారు ఉంటే, అది పిచ్చి కాదు, మెల్లగా తగ్గుతుంది. ఇంకా ఆ రోజులు చూడనివారికి ఒక్కటే చెబుతాను. మీ నిద్రకు ఏం కావాలో, మీకు దేనికి భయమో, నోరు ఉన్నప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

సరోజకు ఈ వయసులో అక్షరాలు నేర్పబోయాను. రెండు రోజులు దిద్ది పలక పక్కన పెట్టింది. "ఇంకోసారి గొట్టం ఏస్తే తమిళంలో రాయండి, అంతే" అంది. దివ్య మాత్రం ఆదివారాలు పద్మావతి దగ్గరికి పోయి నేర్చుకుంటోంది. నా దగ్గర కాదు. నేను త్వరగా విసుక్కుంటానట.

కాబట్టి ఈ రాతను ఇప్పటికి మా ఇంట్లో చదవగలిగింది ఒక్క పద్మావతి. అయిదో కాగితం ఏమైందని నేను ఆమెను ఒకసారి అడిగాను. "ఏ కాగితం బావా?" అంది. ఇది చదివాక, ఆ అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడలేదని నాకు తెలుసునని ఆమెకు తెలుస్తుంది. నోటితో చెప్పలేకపోయాను. మా ఇంట్లో నాకు నేర్పనివాటిలో అదొకటి.

తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, దావా వెనక్కి తీసుకున్నాము. ఆవణి నెలలో, వినాయక చవితి రోజుల్లో, మహేంద్రమంగళం ఇల్లు అమ్మేశాము. పత్రం నేనే తమిళంలో రాశాను, గోవిందు నా పక్కన సంతకం పెట్టాడు. కాగితాల పెట్టె పద్మావతి ఇంట్లో ఉంది. పట్టెమంచం ఆ గదిలోనే చేయించినది, తలుపులో పట్టలేదు. ఇంటితోబాటే అదీ పోయింది.